బడి బస్సు వెనక తలుపు తెరిచి చూపించాలి

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, బడి యాజమాన్యాలకు విన్నపం

ఏటా మే 15తో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడి బస్సుల ఫిట్‌నెస్ గడువు తీరిపోతుంది. జూన్‌లో బడులు తెరిచేలోగా ప్రతి బస్సూ రవాణా శాఖ తనిఖీకి వెళ్లాలి. ఆ రోజుల్లోనే మనం గట్టిగా అడగాల్సింది ఒకటుంది. అత్యవసర ద్వారాన్ని మన కళ్లముందు తెరిచి చూపించాలి. అది తెరుచుకోకపోతే ఆ ఒక్క బస్సుకే మరమ్మతు చేసి వదిలేయకూడదు. లోపం తయారీలోనే ఉందని తేలితే అదే బాడీతో వచ్చిన బస్సులన్నిటినీ వెనక్కి పిలిపించాలి.

మా కాలనీకి వచ్చే బస్సును నిరుడు కొందరం పరీక్షగా చూశాం. వెనక ‘అత్యవసర ద్వారం’ అన్న ఎర్ర అక్షరాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. పిడి మాత్రం పొరలు పొరలుగా వేసిన రంగుతో గడ్డకట్టుకుపోయింది. పెద్దవాళ్లం ఇద్దరం లాగినా కదల్లేదు. తలుపుకు అడ్డంగా అదనపు సీటు బిగించారు. అద్దం పగలగొట్టే సుత్తి ఉండాల్సిన చోట ఖాళీ కొక్కెం ఉంది. పిల్లలు తలలు బయట పెట్టకుండా కిటికీలకు అడ్డకమ్మీలు ఉండాలన్నది నిబంధన, అవి కావాలి కూడా. కానీ కమ్మీలున్న కిటికీలోంచి ఏ పిల్లా దూకలేదు. ముందు తలుపు బిగుసుకుపోతే ఇక మిగిలేది వెనకదే.

మంటలు లేచాక ఎంత వ్యవధి దొరుకుతుందో 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర చూశాం. కల్వర్టును ఢీకొన్న బస్సులో 45 మంది కాలిపోయారు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, కారల్టన్ దగ్గర 1988 మే 14న మరో వాహనం ఢీకొని ఒక పాత బడి బస్సుకు మంటలంటుకుని 27 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. వాళ్ల ప్రాణం తీసింది ఢీకొన్న దెబ్బ కాదు, పొగ. ముందు తలుపు మూసుకుపోవడంతో అందరూ వెనక తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డారు. కొత్త భద్రతా ప్రమాణాలు 1977 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాయి. ఆ బస్సు ఛాసిస్ వాటికి కొద్ది రోజుల ముందే తయారైంది, అందుకే అవి దానికి వర్తించలేదు. ఆ ప్రమాదం తర్వాత కెంటకీ తన బడి బస్సులకు తొమ్మిది అత్యవసర మార్గాలు ఉండాలని నిర్ణయించింది.

మన చట్టంలోనూ తేదీ చాటున తప్పించుకునే సందు ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఎ సెక్షన్ వచ్చింది. ప్రయాణికులకు హాని చేసే లోపం బయటపడితే వాహనాలను వెనక్కి పిలిపించమని కేంద్రం ఆదేశించవచ్చు, ఖర్చు తయారీదారుదే. కానీ 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న తప్పనిసరి రీకాల్ నిబంధన ఏడేళ్లలోపు వాహనాలకే పరిమితం. బడి బస్సు పదిహేనేళ్ల దాకా తిరుగుతుంది. అంటే సగానికి పైగా కాలం మన పిల్లలు ఆ రక్షణ లేకుండానే ప్రయాణిస్తున్నారు. పైగా ఫిర్యాదులు అమ్మకాల్లో ఇంత శాతానికి చేరాలన్న లెక్క ఒకటి. ఛాసిస్ ఒక కంపెనీది, బాడీ కట్టింది ఎక్కడో ఒక షెడ్డు అయినప్పుడు ఆ శాతం ఎప్పటికి నిండాలి?

దీనికి దారి కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. లోపం గురించి యజమానులే కాదు, పరీక్షా సంస్థ గానీ మరే ఇతర వనరు గానీ కేంద్రానికి తెలియజేయవచ్చని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఫిట్‌నెస్ పరీక్షలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తెరవలేకపోయిన ప్రతి తలుపునూ ఆ వనరుగా ఎందుకు లెక్కించకూడదు? లెక్కించాలనే మా డిమాండ్. రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ తనిఖీలో విఫలమైన బస్సుల బాడీ తయారీదారుల పేర్లు వెల్లడించి, ఆ వివరాలను కేంద్రానికి పంపాలి. బడి బస్సులకు ఏడేళ్ల హద్దునూ, శాతం లెక్కనూ కేంద్రం ఎత్తేయాలి.

చిన్న బడులకు ఇది భారమని కొందరంటారు. రీకాల్ ఖర్చు బడిది కాదు, తయారీదారుది. అడ్డంగా బిగించిన సీటు తీయడానికి ఒక స్పానర్ చాలు.

మే మొదటి వారంలోనే మీ బడికి వెళ్లండి. ఏడో తరగతి పిల్ల చేత వెనక తలుపు తెరిపించి చూడండి. తెరుచుకోకపోతే బస్సు నంబరు, బాడీ మీది తయారీదారు ప్లేటు, పిడి ఫోటోలు తీసి, నలుగురు తల్లిదండ్రుల సంతకాలతో జిల్లా రవాణా అధికారికి ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.