‘నీకేం తక్కువ?’ అని అడగకండి

సినిమా తారల కబుర్లంటే మనలో చాలామంది చెవి కోసుకుంటారు. ఎవరు ఏ సినిమాలో వేస్తున్నారు, ఎవరి పెళ్ళి ఎక్కడ జరిగింది, ఎవరు ఏ చీర కట్టుకున్నారు — ఇవన్నీ చదువుతాం, మర్చిపోతాం. కాని అప్పుడప్పుడు ఒక తార తన వృత్తి గురించీ, ఇంటి సంగతుల గురించీ చెప్పుకున్న మాటల్లో మనందరికీ పనికొచ్చే ఆరోగ్యపాఠం ఒకటి దొరుకుతుంది. దీపికా పడుకోణె అలాంటి మాటలు చెప్పారు. ఈ వారం వాటి గురించే ముచ్చటించుకుందాం.

దీపిక బెంగుళూరులో పెరిగిన అమ్మాయి. తండ్రి ప్రకాశ్ పడుకోణె 1980లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ పోటీ గెలిచిన ఆటగాడు. ఆమె మొదటి చిత్రం 2006లో వచ్చిన కన్నడ ‘ఐశ్వర్య’. మన ‘మన్మథుడు’ సినిమానే కన్నడంలో అలా తీశారు. మరుసటి సంవత్సరం ‘ఓం శాంతి ఓం’తో హిందీలో అడుగుపెట్టి పేరు తెచ్చుకున్నారు. 2013వ సంవత్సరమైతే ఆమెదే అనాలి. ఆ ఒక్క ఏడాదిలో నాలుగు సినిమాలు బాగా ఆడాయి. డబ్బు, పేరు, అందం, ఆదరించే తల్లిదండ్రులు — అన్నీ ఉన్నాయి. సరిగ్గా ఆ తరువాతే, 2014 ఫిబ్రవరిలో, ఆమెకు డిప్రెషన్ వచ్చింది. తెలుగులో దీన్ని ‘కుంగుబాటు’ అంటున్నాం.

ఈ సంగతి ఆమె 2015 జనవరిలో తానే పత్రికకు చెప్పారు. ఆ తరువాత తల్లినీ, తనకు వైద్యం చేసిన వారినీ పక్కన కూర్చోబెట్టుకుని టెలివిజన్‌లోనూ చెప్పారు. మనదేశంలో ఇంత పేరున్న తార ‘నాకు మానసిక జబ్బు వచ్చింది, మందులు వాడాను’ అని నలుగురిలో చెప్పుకోవడం అంతకు ముందు చాలా అరుదు.

ఆమెకు ఏమైంది?

ఒకరోజు ఉదయం లేచేసరికి కడుపులో ఏదో ఖాళీ అయిపోయినట్టు, దిక్కుతోచనట్టు అనిపించిందట. పని ఒత్తిడేమోలే అనుకున్నారు. ఎడతెరిపి లేకుండా పని చేసి, నలుగురి మధ్యా తిరిగి దాన్ని మరిచిపోవాలని చూశారు. కొంతసేపు బాగానే ఉండేది, మళ్ళీ మామూలే. ఊపిరి సరిగా ఆడేది కాదు. దేని మీదా మనసు నిలిచేది కాదు. ఉన్నట్టుండి ఏడుపు ముంచుకొచ్చేది. పొద్దున్నే మంచం దిగడం కొండ ఎక్కినంత పని అయ్యేది. ఇంత జరుగుతున్నా షూటింగులకు వెళుతూనే ఉన్నారు. ఆ సంవత్సరం విడుదలైన ‘హాపీ న్యూ ఇయర్’ సినిమా అలా పూర్తిచేసిందే.

ఇది బాగా గుర్తుంచుకోవాలి. కుంగుబాటు అంటే మూల కూర్చుని ఏడవడమే అనుకుంటాం. కాదు. ఆఫీసుకు వెళ్ళివస్తూ, వంట చేస్తూ, పేరంటానికి వెళ్ళి నవ్వుతూ మాట్లాడే మనిషికి కూడా ఈ జబ్బు ఉండవచ్చు. ముఖం చూసి చెప్పడానికి వీలులేని జబ్బు ఇది.

కనిపెట్టింది తల్లి

మరి దీన్ని ఎవరు పట్టుకున్నారు? పెద్ద డాక్టరు కాదు, కన్నతల్లి. తల్లిదండ్రులు కూతురిని చూడడానికి ముంబయి వచ్చారు. ఉన్నన్నాళ్ళూ దీపిక ఏమీ తెలియనివ్వలేదు. వారు తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటూ ఉండగా ఇక ఆపుకోలేక ఏడ్చేశారు. ప్రేమ వ్యవహారంలో ఏదైనా జరిగిందా, పనిలో ఇబ్బందా, ఇంకేమైనా జరిగిందా అని తల్లి అడిగారు. అవేవీ కావని తేలింది. ఇది మామూలు ఏడుపు కాదని ఆ తల్లికి అర్థమైంది. వెంటనే కౌన్సిలింగు చేసే, కుటుంబానికి తెలిసిన ఒక నిపుణురాలికి ఫోను చేశారు. ఆ తరువాత మానసిక వైద్యుడి దగ్గర చికిత్స జరిగింది.

ఆ తల్లి చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. ఆమె స్థానంలో మనలో చాలామంది ఏమంటాం? ‘నీకేం తక్కువే అమ్మాయ్, దేవుడు అన్నీ ఇచ్చాడు కదా!’ అంటాం. లేదా ‘ఎవరి దిష్టి తగిలిందో’ అని ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేస్తాం. లేదా ‘నలుగురికీ తెలిస్తే పెళ్ళి సంబంధాలు రావు’ అని నోరు నొక్కేస్తాం. మొదటి మాట వల్ల రోగికి తన జబ్బు మీద సిగ్గు పుడుతుంది. రెండో దాని వల్ల కాలం గడిచిపోతుంది. మూడో దాని వల్ల ప్రాణానికే ప్రమాదం.

‘నీకేం తక్కువ?’ అనే ప్రశ్నకు వైద్యశాస్త్రంలో అర్థం లేదు. మధుమేహం వచ్చిన వాణ్ణి ‘నీకేం తక్కువని షుగర్ వచ్చింది?’ అని అడగం కదా! కుంగుబాటుకు కారణం ఒకటి కాదు. వంశంలో ఉండవచ్చు. మెదడు పని తీరులో వచ్చే మార్పులు కావచ్చు. ఆప్తుల మరణం, అప్పులు, ఒంటరితనం, మొగుడి తాగుడు, దీర్ఘకాలపు జబ్బులు దీన్ని బయటికి లాగవచ్చు. ఒక్కోసారి ఏ కారణమూ కనిపించకుండానే వస్తుంది. అన్నీ ఉన్నవారికీ వస్తుంది, ఏమీ లేనివారికీ వస్తుంది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం మనదేశంలో ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తోంది. వారిలో ఎక్కువమందికి చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది.

గుర్తుపట్టడం ఎలా?

బాధలు అందరికీ ఉంటాయి. నాలుగు రోజులు దిగులుగా ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. కాని ఈ కింద చెప్పిన వాటిలో చాలావరకు దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు మించి ఉంటే ఉపేక్షించరాదు.

— రోజంతా దిగులు, లేదా చిరాకు.
— ఇదివరకు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం. ముగ్గు వేయడం ఇష్టమైన ఇల్లాలు వాకిలి ఊడ్చి ఊరుకోవడం, క్రికెట్ అంటే ప్రాణం పెట్టే కుర్రవాడు టీవీ కట్టేయడం లాంటివి.
— నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, లేదా ఎప్పుడూ నిద్రపోవడం.
— ఆకలి మందగించడం, బరువు తగ్గడం. కొందరిలో దీనికి విరుద్ధంగా అతిగా తినడం.
— చిన్న పనికే అలసట, ఏకాగ్రత లేకపోవడం, మతిమరుపు.
— ‘నా వల్ల అందరికీ బాధే’, ‘నేను ఎందుకూ పనికిరాను’ అనే ఆలోచనలు.
— చావు గురించిన ఆలోచనలు.

మన ఇళ్ళల్లో ఇంకొక చిక్కు ఉంది. చాలామంది, ముఖ్యంగా స్త్రీలు, ‘మనసు బాగాలేదు’ అని చెప్పరు. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, గుండెదడ, కడుపులో గాస్, నీరసం — ఇవి చెబుతారు. ఊళ్ళోని డాక్టర్లందరినీ చూస్తారు. స్కానింగులు, రక్తపరీక్షలు, ఇ.సి.జి. అన్నీ చేయిస్తారు. ‘అన్నీ నార్మల్’ అని వస్తుంది. ఇంట్లోవారు ‘నాటకాలు’ అంటారు. నాటకం కాదు, నొప్పి నిజమే. మనసు మాటల్లో చెప్పలేనిది ఒంటి ద్వారా చెబుతోందన్నమాట.

బాలింతల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. పురుడు వచ్చాక మొదటి వారంలో కొంచెం ఏడుపు, చిరాకు సహజం. అవే సర్దుకుంటాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డను ఎత్తుకోవాలనే అనిపించకపోతే, ‘పొగరు’ అని సాధించకుండా డాక్టరుకు చూపాలి. బాలింత పొంతన లేకుండా మాట్లాడుతున్నా, బిడ్డకు హాని చేస్తానేమోనని భయపడుతున్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ముందు మీ కుటుంబ వైద్యుణ్ణి కలిసినా సరే. థైరాయిడ్ గ్రంథి మందగించినా, రక్తం తక్కువైనా, బి12 విటమిన్ లోపించినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. అంచేత ఆ రక్తపరీక్షలు చేయించడం మంచిది. అవి బాగుంటే మానసిక వైద్యుణ్ణి, అంటే సైకియాట్రిస్టును కలవాలి. ఆయన ఎం.బి.బి.ఎస్. చదివి మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు. మందులు రాస్తారు. సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేసే నిపుణుడు. ఇద్దరి సాయమూ అవసరం కావచ్చు.

ప్రైవేటు డాక్టరుకు చూపించే స్తోమతు లేనివారు నిరాశ పడనక్కరలేదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ఆస్పత్రులు ఇందుకోసమే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ‘టెలి మానస్’ ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రి, పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మానసిక జబ్బులకు కూడా ఒంటి జబ్బులతో సమానంగా ఆరోగ్య బీమా వర్తింపజేయాలని 2017 నాటి చట్టం చెబుతోంది. మీ పాలసీ కాగితాలు ఒకసారి చూసుకోండి.

మందుల గురించి అపోహలు

దీపిక కూడా మొదట్లో మందులు వేసుకోవడానికి ఇష్టపడలేదు. మాట్లాడితే చాలునని అనుకున్నారు. చివరికి మందులూ, కౌన్సిలింగూ రెండూ కావలసి వచ్చాయి. జబ్బు తేలికగా ఉంటే కౌన్సిలింగ్ సరిపోవచ్చు. మధ్యస్థంగానో, తీవ్రంగానో ఉంటే మందులు అవసరమవుతాయి.

‘ఈ మాత్రలు అలవాటైపోతాయేమో’ అనేది అందరి భయం. కుంగుబాటుకు ఇచ్చే మందులూ, నిద్రమాత్రలూ ఒకటి కాదు. ఎక్కువ రోజులు వాడితే అలవాటయ్యేవి నిద్రమాత్రలు. కుంగుబాటు మందులు మత్తు అలవాటు చేసేవి కావు. అయితే వాటి గుణం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదటి వారంలో కొంచెం వికారం, తలనొప్పి ఉండవచ్చు. ‘నాలుగు రోజులు వేసుకున్నా, గుణం లేదు’ అని మానేసేవారు చాలామంది. అలాగే తగ్గినట్టు అనిపించగానే ఆపేస్తారు. తగ్గాక కూడా సాధారణంగా 6 నెలలకు తక్కువ కాకుండా వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లమెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, ఆందోళన వస్తాయి. జబ్బు తిరగబెట్టవచ్చు కూడా.

ఇంట్లోవారు చేయవలసింది

సలహాలు తగ్గించి, పక్కన కూర్చోండి. ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పడం సులభం. ఆ ధైర్యమే కదా జబ్బు తినేసింది! ‘నీకు ఎలా ఉంది? నేనున్నాను. రేపు ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం’ అనండి. సమయానికి అన్నం పెట్టండి, సాయంత్రం ఒక అరగంట కలిసి నడవండి. మందులు మీరే ఇవ్వండి. సారా, బ్రాందీ దగ్గరికి రానివ్వకండి. తాగితే దిగులు పోతుందనేది భ్రమ, ఇంకా పెరుగుతుంది. పూజకో, యాత్రకో వెళ్ళాలనిపిస్తే తప్పకుండా వెళ్ళండి, కాని మందులు మాత్రం ఆపకండి.

‘చచ్చిపోవాలని ఉంది’ అని ఎవరైనా అంటే బెదిరింపని కొట్టిపారేయకండి. అనుమానం వస్తే సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. మనసులో ఉన్నది బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది. అలాంటి మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, నిద్రమాత్రలు అందకుండా తీసెయ్యండి. అదేరోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి, లేదా 14416కు ఫోను చేయండి.

ఇంతకూ దీపిక సంగతి ఏమైందంటారా? ఆమె కోలుకున్నారు, ఎన్నో సినిమాల్లో వేశారు. 2024లో మన తెలుగు ‘కల్కి 2898 ఏ.డి.’లోనూ కనిపించారు. అదే సంవత్సరం సెప్టెంబరులో తల్లి అయ్యారు. తనలాంటి వారికోసం 2015లో ‘లివ్ లవ్ లాఫ్’ అనే సంస్థ పెట్టారు. అయినా ఆ జబ్బు మళ్ళీ రావచ్చునన్న ఎరుక తనకు ఉంటుందనీ, అందుకే నిద్ర, తిండి, వ్యాయామం విషయంలో రోజూ జాగ్రత్త పడతాననీ చెబుతారు. ఈ జబ్బు కొందరిలో తిరగబెడుతుంది. తొందరగా గుర్తిస్తే తొందరగానే తగ్గుతుంది.

అంచేత ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో ఈమధ్య మాట తగ్గించినవారు ఎవరైనా ఉన్నారేమో చూడండి. కోడలు కావచ్చు, రిటైరయిన మామగారు కావచ్చు, పరీక్ష తప్పిన పిల్లవాడు కావచ్చు. టీవీ కట్టేసి పక్కన కూర్చుని ఎలా ఉందని అడగండి. జవాబు వెంటనే రాకపోతే లేచిపోకండి. ఇంకాసేపు కూర్చోండి.