మూస మంచిదే, కాని...

కమాండ్ లైన్ మీద నడిచే ప్రోగ్రాము ఏది రాసినా అసలు పని పది లైన్లు, ముందు తతంగం యాభై లైన్లు! ఆప్షన్లు చదవాలి. ఫైలు పేరు ఇవ్వకపోతే హెచ్చరించాలి. 'హెల్ప్' అంటే వాడే పద్ధతి చెప్పాలి. పని చెడితే సున్నా కాని సంఖ్యతో బయటపడాలి. శుభలేఖలో పేర్లూ ముహూర్తమూ మారతాయి గాని మిగతా మేటరు మారదు కదా! ఆప్షన్ల జాబితా ఇస్తే ఆ తతంగమంతా రాసిపెట్టే స్క్రిప్టు ఉంటే తప్పేమిటి?

తప్పేమీ లేదు. ప్రోగ్రాములు రాసే ప్రోగ్రాములు కొత్తవీ కావు. 1970లలోనే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ చేసిన 'యాక్', వ్యాకరణ సూత్రాలు ఇస్తే పార్సర్‌ను సి భాషలో రాసిపెట్టేది. కనుక "చేత్తో రాస్తేనే చదువు" అనే పెద్దలతో నేను ఏకీభవించలేను.

అయితే నా అనుభవం ఒకటి విన్నవించుకోవాలి. రెండో సంవత్సరంలో నేనూ అలాంటి స్క్రిప్టు రాశాను. మిత్రులు వాడారు, జూనియర్లకూ చేరింది. నాకు గర్వంగానే ఉండేది. కాని అందులో ఒక లోపం ఉంది. ఫైలు తెరుచుకోకపోతే సందేశం చూపేది గాని, బయటపడేటప్పుడు సున్నా ఇచ్చేది. యూనిక్స్ సంప్రదాయంలో సున్నా అంటే "క్షేమం". ఒక జూనియర్ తన ప్రాజెక్టు ఫైళ్లు కాపీ చేయడానికి ఆ మూసతోనే ప్రోగ్రాము రాసుకున్నాడు. కాపీ అయితే పాతవి చెరిపేయమని వెనకాలే మరో కమాండు పెట్టాడు. కాపీ కాలేదు, సున్నా వచ్చింది, పాతవి చెరిగిపోయాయి. సెమిస్టరు శ్రమంతా గంగలో కలిసింది. తప్పు నాది, శిక్ష అతనిది.

స్క్రిప్టులో ఒక్క లైను దిద్దాను. కాని అప్పటికే తయారైన ప్రోగ్రాములు వాటంతటవి మారవు గదా! మళ్లీ తయారు చేద్దామంటే, అందరూ తమ పనిని ఆ కోడులోనే కలిపి రాసేశారు. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చేత్తో దిద్దాల్సి వచ్చింది.

అందుచేత మిత్రులకు నా మనవి. పైథాన్‌లో 'ఆర్గ్‌పార్స్' లాంటి లైబ్రరీ ఉన్నచోట అదే వాడండి. మూస తప్పదనుకుంటే ముందు రెండు మూడు ప్రోగ్రాములు చేత్తో రాయండి, ఏది మారదో అప్పుడే తెలుస్తుంది. స్క్రిప్టు రాసిన కోడు ఒక ఫైలులో, మీరు రాసింది మరో ఫైలులో ఉంచండి. ఒకరిచ్చిన మూస వాడేముందు, కావాలనే లేని ఫైలు పేరిచ్చి ఏ సంఖ్య వస్తుందో చూడండి.

లెక్చరర్లకు కూడా ఒక మాట. ల్యాబ్‌లో స్క్రిప్టులు వాడనివ్వండి. వైవాలో మాత్రం అది రాసిపెట్టిన ఏదో ఒక లైను మీద వేలు పెట్టి, "ఇదేం చేస్తుందోయ్?" అని అడగండి. నన్ను ఆ ఏడాది ఎవరైనా అలా అడిగి ఉంటే ఆ కుర్రాడి ఫైళ్లు దక్కేవి.