పాత రైలు వంతెనను చూడ్డానికి రండి! కాపాడుకోవడానికి కదలండి!

రాజమహేంద్రవరం, కొవ్వూరు ప్రజలారా! గోదావరి గట్టు ఊళ్ల అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా!

ఒకప్పుడు రైల్లో వచ్చినవాళ్లు ఈ గట్టున దిగి, మూటాముల్లె సర్దుకుని, పడవెక్కి గోదావరి దాటి, ఆ గట్టున మళ్లీ రైలెక్కాల్సి వచ్చేది. ఆ పాట్లు తప్పించింది మన హేవలాక్ వంతెనే. 1897 నవంబరులో పని మొదలైంది. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన ఇంజనీరు వాల్టన్ ఇక్కడా పని నడిపించాడు. 1900 ఆగస్టులో రైళ్లు మొదలయ్యాయి. వంతెనకు అప్పటి మదరాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు గానీ, దాన్ని నిలబెట్టింది కూలీల చెమట.

పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు. 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పారినా ఈ రాతి స్తంభాలు చెక్కుచెదరలేదు. కిటికీలోంచి గోదారమ్మకు చిల్లర విసిరి దణ్ణం పెట్టుకున్న తరాలన్నీ దీని మీదుగా వెళ్లినవే. 1997లో రైళ్లు ఆగిపోయాయి. అప్పటినుంచి వంతెన ఖాళీగా ఉంది, ఇనుము తుప్పు పడుతోంది.

అఖండ గోదావరి పర్యాటక పథకానికి 2025లో శంకుస్థాపన జరిగింది. అందులో ఈ వంతెన కూడా ఉంది. సంతోషమే. అయితే జనం పట్టించుకోని పని ఎప్పటికి పూర్తవుతుంది? 2027లో పుష్కరాలు వస్తున్నాయి. అడగాల్సిన సమయం ఇదే.

మన డిమాండ్లు:

● ఒక్క గర్డరు కూడా పాత ఇనుము కింద పోకూడదు.
● తుప్పు గీకించి రంగు వేయించాలి. రాళ్ల సందుల్లో మొక్కలు పాతుకోకుండా చూడాలి.
● నిపుణులతో పటుత్వం పరీక్షింపజేసి, పిల్లలూ పెద్దలూ నడిచే దారి వేయాలి.
● రెండు గట్ల మీదా వంతెన చరిత్రను తెలుగులో చెక్కించాలి.

మనం చేయాల్సింది:

ఈ ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ రండి. రాజమహేంద్రవరం వాళ్లు పుష్కర ఘాట్‌కు, కొవ్వూరు వాళ్లు గోష్పాద క్షేత్రానికి చేరుకోండి. రాతి స్తంభాల వరస, వాటి మీద ఆనిన ఇనుప గర్డర్లు, ఆ గర్డర్లలో బిగించిన రివెట్లు పిల్లలకు చూపించండి. ఆ వంతెన మీద ప్రయాణం చేసిన తాతయ్యలు, నాయనమ్మల చేత కబుర్లు చెప్పించి రాసిపెట్టండి. ఈ డిమాండ్ల అర్జీ మీద సంతకం చేయండి.

ఒక్క మనవి. గట్టు మీద నుంచే చూడండి. పాత వంతెన ఎక్కవద్దు, రైళ్లు తిరిగే పట్టాల మీదకు వెళ్లవద్దు.

మన ముందు తరాలు కట్టి ఇచ్చిన వంతెన ఇది. మన చేతుల్లో పాడైపోనివ్వకండి. తరలి రండి!

– గోదావరి ఇరుగట్ల పౌరులు