జేబు ముద్దు, మనిషి వద్దు

2023 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారాల వేడుకను ప్యూర్టో రికో గాయకుడు బ్యాడ్ బన్నీ పాటతో ఆరంభించారు. వినికిడి లోపం ఉన్నవారి కోసం సీబీఎస్ టీవీ ఛానల్ తెర కింద వేసిన అక్షరాలు మాత్రం పాటేమిటో చెప్పలేదు. ‘ఇంగ్లిష్ కాని భాషలో పాడుతున్నారు’ అని ఊరుకున్నాయి. అమెరికాలో ఇంగ్లిష్ తర్వాత అత్యధికులు మాట్లాడే స్పానిష్ భాషకు దక్కిన మర్యాద అది! గొడవయ్యాక సీబీఎస్ అధిపతి పొరపాటు ఒప్పుకున్నారు. ఒక్కసారి జరిగితే పొరపాటే. యాభై ఏళ్లకు పైగా సాగుతున్నదాన్ని మాత్రం అలవాటనే అనాలి.

1967లో ఫ్రిటో-లే సంస్థ చిప్స్ అమ్ముకోవడానికి గుబురు మీసాలు, రెండు తుపాకులు ఉన్న మెక్సికన్ దొంగ బొమ్మను టీవీల్లోకి దింపింది. మెక్సికన్ అమెరికన్ సంఘాలు ఏళ్ల తరబడి పోరాడితే గానీ ఆ బొమ్మ కనుమరుగు కాలేదు. 2013లో డిస్నీ ఇంకో మెట్టు ఎక్కింది. చనిపోయిన పెద్దలను తలచుకునే మెక్సికన్ పండుగ ‘దియా దె లోస్ మువెర్తోస్’ పేరునే తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేయాలని దరఖాస్తు పెట్టింది. మహాలయ పక్షం మీద ఏదో కంపెనీ హక్కులు కోరినట్టు! జనం మండిపడ్డాక దరఖాస్తు వెనక్కి తీసుకుని, తనను గేలి చేస్తూ బొమ్మ గీసిన కార్టూనిస్టు లాలో అల్కరాస్‌నే ఆ పండుగ మీద తీస్తున్న సినిమాకు సలహాదారుగా పెట్టుకుంది. 2017లో వచ్చిన ఆ సినిమా ‘కోకో’ ప్రపంచవ్యాప్తంగా 80 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. వింటే లాభమని తెలిసి కూడా వినని పరిశ్రమకు తెలియనితనం సాకు చెల్లదు.

2020 జనగణన ప్రకారం అమెరికాలో లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారు, 6.21 కోట్లు, దేశ జనాభాలో దాదాపు 19 శాతం. మీడియా ఉద్యోగుల్లో మాత్రం వారి వాటా 12 శాతమేనని ఆ దేశ ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2021లో తేల్చింది. సినిమా టికెట్లు జనాభా వాటాను మించి కొంటారు. హాలీవుడ్ పెద్ద చిత్రాల్లో మాటలున్న పాత్రల్లో వారికి దక్కేది పదో వంతు కూడా కాదు.

మార్కెటింగ్ పండితుల దృష్టిలో లాటినో అంటే స్పానిష్, స్పానిష్ అంటే వలస. ఇంగ్లిష్ ప్రకటనను స్పానిష్‌లోకి మార్చి, వెనకాల డప్పుల మోత పెడితే పని అయిపోయినట్టే. హిందీ ప్రకటనను అతుకుల తెలుగులో వినీ వినీ విసిగిన మనకు ఈ బాపతు కొత్తేమీ కాదు. నిజానికి లాటినోల్లో మూడింట రెండు వంతుల మంది అమెరికాలోనే పుట్టారు. వయోజనుల్లో సగానికి పైగా వార్తలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే తెలుసుకుంటారని ప్యూ పరిశోధన సంస్థ చెబుతోంది. మయామీ క్యూబన్, లాస్ ఏంజెలెస్ మెక్సికన్, న్యూయార్క్ ప్యూర్టో రికన్ చరిత్రలు వేరు, ఓట్లు వేరు. టెక్సస్ సరిహద్దులోని స్టార్ కౌంటీలో నూటికి 95 మందికి పైగా లాటినోలే. శతాబ్దానికి పైగా డెమోక్రాట్లకే జై కొట్టిన ఆ కౌంటీ 2024లో ట్రంప్‌ను గెలిపించింది. పెద్ద పెద్ద న్యూస్‌రూమ్‌లు నోరెళ్లబెట్టాయి. అందరినీ ఒకే మూటగా కట్టినవారికి ఆ ఆశ్చర్యం తప్పదు.

ఆ మూట కట్టిన పాపంలో స్పానిష్ ఛానళ్లకూ వాటా ఉంది. ఇరవై దేశాల మూలాలున్న జనాన్ని ఒకే ‘మార్కెట్’గా చూపి ప్రకటనదారులకు అమ్మడం యూనివిజన్, టెలిముండోల వ్యాపారం. వాటి సీరియళ్లలో కథానాయిక తెల్లగా, పనిమనిషి నల్లగా ఉంటుందన్న ఫిర్యాదు దశాబ్దాలుగా వినబడుతూనే ఉంది.

ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 వరకు ‘హిస్పానిక్ వారసత్వ మాసం’ పేరిట కంపెనీలన్నీ రంగుల తోరణాలు కడతాయి. గడువు దాటగానే విప్పేస్తాయి. ఈ తంతును ఇక లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఏ కథకు డబ్బు పెట్టాలో, ఏ వార్త ముందుకు రావాలో తేల్చే కుర్చీల్లో లాటినోలు ఎందరున్నారో ప్రతి స్టూడియో, ప్రతి ఛానల్, ప్రతి ప్రకటనల ఏజెన్సీ ఏటా బయటపెట్టాలి. ఆ అంకె చూపని సంస్థతో ఒప్పందం మీద ప్రకటనదారులు సంతకం పెట్టకూడదు.