మీటరు పెట్టకుండా ఏవీఆర్ మార్చనివ్వకండి

కైకలూరు, ముదినేపల్లి చెరువుల మీద రాత్రిపూట కరెంటు పోతే ఏరియేటర్లకి జనరేటరే దిక్కు. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటే వేళకే అది మొరాయిస్తే పంటంతా తేలిపోద్ది. అలాంటప్పుడు వోల్టేజీ తక్కువ అనగానే ‘ఏవీఆర్ పోయింది’ అనేవాడి మాట నమ్మొద్దు.

సెల్ఫ్ తిరగట్లేదా? బ్యాటరీ టెర్మినళ్ళ చిలుం గీకండి, బిగించండి. తిరిగినా ఇంజన్ అందుకోట్లేదా? డీజిల్ ఫిల్టర్ చూసి, పైపులో గాలి తీయండి. వోల్టేజీ రావట్లేదా? ముందు స్పీడు కొలవమనండి. నాలుగు పోళ్ళ ఆల్టర్నేటర్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్. ఫిల్టర్ పూడి ఇంజన్ లాగలేకపోతే కొత్త ఏవీఆర్ ఏం చేస్తది? స్పీడు సరిగా ఉండీ వోల్టేజీ రాకపోతే అప్పుడు బ్రష్షులు, ఏవీఆర్ చూడాలి.

రీడింగు చూపించనివాడికి సామాను డబ్బులు ఎందుకివ్వాలి? వారానికోసారి పగలే లోడు పెట్టి నడపండి.