ఈవెంట్స్ కొట్టాలా? డ్యాన్స్ క్లాసుకీ వెళ్లండి!

కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం మైపాడు ఇసుకలో పరుగెడుతున్న తమ్ముళ్లకు ఓ మాట: బ్యాలే లాంటి డ్యాన్స్ క్లాసులో చేరి చూడండి. నవ్వకండి! మాంచెస్టర్ యునైటెడ్ మాజీ డిఫెండర్ రియో ఫెర్డినాండ్ చిన్నప్పుడు లండన్‌లో బ్యాలే నేర్చుకున్నాడు. మన కూచిపూడి అయితే తరాలపాటు మగవాళ్లదే. ఆడవేషాలూ వాళ్లే కట్టారు.

బ్యాలే మొదటి క్లాసులో గాల్లోకి ఎగరనివ్వరు. బార్ పట్టుకుని మోకాళ్లు వంచే ప్లియే, మునివేళ్ల మీద లేచే రెలెవే, అంతే. అయినా వంద గుంజీలు తీసేవాడి పిక్కలూ వణుకుతాయి. పరుగులో ఊపు మోస్తుంది. ఇక్కడ నెమ్మదిగా లేవాలి, కదలకుండా ఆగాలి. పాదాలు పక్కకు తిప్పేది తుంటి నుంచే, మోకాలిని మెలిపెట్టి కాదు.

దీంతోనే 1600 మీటర్ల టైమింగ్ తగ్గిపోదు. దానికి పరుగే దిక్కు. ఒంటికాలి మీద నిలకడ, దూకి దిగేటప్పుడు అదుపు మాత్రం మెల్లగా వస్తాయి. ఈవెంట్స్‌కు వారం ముందు మాత్రం మొదలుపెట్టొద్దు, కాళ్లు పట్టేస్తాయి.

దగ్గర్లో బ్యాలే టీచర్ లేకపోతే కూచిపూడి గురువు దగ్గర అరమండి పట్టండి. పక్కనున్న పదేళ్ల పాప మీకంటే బాగా చేస్తుంది. సిగ్గుపడకుండా ఆ పాపను చూసి నేర్చుకోండి. రేపు ఉద్యోగంలో చేరాక పనికొచ్చేది ఈ అలవాటే.