పౌలు ఫ్లెక్సీ కట్టించుకోలేదు

గోదావరిఖనిలో సువార్త పేరుతో అమ్ముడుపోతున్నది సువార్త కాదు. ఈ మాట అనడానికి నాకు సెమినరీ పట్టా లేదు, సంఘ పెద్దల అనుమతీ లేదు. నా దగ్గరున్నదల్లా పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, పదహారు అధ్యాయాలు. మన మందిరాల్లో పెళ్లికి పదమూడోది చదువుతారు, సావుకి పదిహేనోది. ప్రభువు బల్ల ఉన్న ఆదివారం పదకొండులోంచి నాలుగు వచనాలు తీస్తారు, వాటికి ముందున్న చీవాట్లు దాటేస్తారు. మిగతా పత్రిక మొత్తం ఎప్పుడైనా విన్నారా?

వినిపించరు. వినిపిస్తే దుకాణం మూయాల్సి వస్తుంది.

చౌరస్తా చుట్టూ వెలిసే ఫ్లెక్సీలు చూడండి. దైవజనుడి బొమ్మ నిలువెత్తు, యేసు పేరు కింద ఎక్కడో. సభలో మెడికల్ అన్‌ఫిట్ సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి అలసిన సింగరేణి బొగ్గు గని టింబర్‌మన్ ఒకాయన, కొడుక్కి డిపెండెంట్ నౌకరి కావాలని దరఖాస్తు జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పట్టుకొని వేదిక ముందుకొస్తాడు. కవర్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఆ వెంటనే విత్తన కానుక. "విత్తనం ఎయ్యకుండ పంట యాడికెల్లి వస్తది బ్రదర్?" నౌకరి వస్తే అది సాక్ష్యం, మైకులో చెప్పిస్తారు. రాకపోతే నీ విశ్వాసం చాలలేదు. ఈ బేరంలో అమ్మినవాడికి నష్టం రావడం నేనెన్నడూ చూడలేదు.

పౌలు ఈ ఉత్తరం రాసింది క్రీ.శ. 50ల నడుమ, ఎఫెసు నుంచి. కొరింథు అంటే జూలియస్ సీజర్ క్రీ.పూ. 44లో మళ్లీ నిలబెట్టిన పట్నం. విడుదలైన బానిసల్ని తెచ్చి అక్కడ నింపారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, ఎట్లాగైనా పైకి రావాలన్న ఆత్రం. బొగ్గు బాయిల వెంట పుట్టిన ఊరివాళ్లం, మనకు దాన్ని వేరే వివరించాలా? ఆ ఊరి విశ్వాసులు కూడా నేను పౌలు వాణ్ని, నేను అపొల్లో వాణ్ని, నేను కేఫా వాణ్ని అని జట్లు కట్టారు. అప్పటికి వాట్సాప్ గ్రూపులు లేవు, అంతే తేడా.

వాళ్లను పౌలు నాలుగో అధ్యాయంలో ఎట్లా ఎత్తిపొడిచాడో చదవండి. అప్పుడే ధనవంతులైపోయారా, మమ్మల్ని వదిలేసి రాజులైపోయారా అంటాడు. అపొస్తలులమైన మేమేమో ఆకలితో, దప్పికతో, చిరుగు బట్టలతో, నిలువ నీడ లేక, దెబ్బలు తింటూ, మా చేతుల్తో మేం కష్టపడుతూ లోకానికి చెత్తలాగా ఉన్నాం అంటాడు. ఆశీర్వాదానికి కారే ఆనవాలైతే, పౌలంత శాపగ్రస్తుడు ఇంకొకడు లేడు.

అసలు సువార్త ఏమిటో పదిహేనో అధ్యాయం మొదట్లోనే ఉంది. తనకు అందింది, తాను అందించింది ఇదేనని చెప్పి మరీ రాశాడు: క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో నాడు లేచాడు. ఇందులో ప్రమోషన్ లేదు, క్వార్టర్ అలాట్‌మెంట్ లేదు. బానిసలను, తిరుగుబాటుదారులను చంపే కొయ్య మీద రోమా ప్రభుత్వం చంపిన ఒక మనిషిని దేవుడు లేపాడన్నదే వార్త. అధికారం నలిపేసిన మనిషి వైపు దేవుడు నిలబడ్డాడు. అది నమ్మినవాడు తర్వాత ఎవరి పక్కన కూచోవాలో, ఎవరితో కలిసి తినాలో కూడా అక్కడే తేలిపోతుంది.

దేవుడు కాపాడతాడంటే తప్పేంటని అడుగుతారు. 2003 జూన్ 16న ఇదే గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. విశ్వాసి మీద పైకప్పు కూలదని చెప్పే బోధకుడు ఆ ఇళ్ల గడప మీద నిలబడి అదే మాట చెప్పగలడా? ఒక అవయవానికి నొప్పి పుడితే శరీరం మొత్తం దానితో నొచ్చుకోవాలని పౌలు అన్నాడు. పోయినవాడి విశ్వాసం కొలతలు తీయమనలేదు.

ఇక బల్ల సంగతి. కొరింథులో కలిగినవాళ్లు తమ తిండి తాము ముందే తినేసి మత్తులో ఉంటే, లేనివాళ్లు పస్తు కూచున్నారు. పౌలు మొహమాటపడలేదు. మీరు తినేది ప్రభువు భోజనమే కాదు, లేనివాళ్లను సిగ్గుపరుస్తున్నారు అన్నాడు. 2024 సెప్టెంబరులో సింగరేణి లాభాల్లోంచి 796 కోట్ల రూపాయలు కార్మికులకు ప్రకటించారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షలు. కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు, అదీ సంస్థ చరిత్రలో మొదటిసారి. కంపెనీ లెక్క కంపెనీది, దాంతో కొట్లాడటానికి యూనియన్లున్నాయి. మందిరం లెక్క ఏమిటి? లాభాల వాటాలో దశమభాగం తెచ్చినవాళ్ల పేర్లు మైకులో చదువుతున్నప్పుడు, చెప్పుల దగ్గర కూచున్న కాంట్రాక్టు తమ్ముడు ఎటు చూడాలి? 2022లో ఆ తమ్ముళ్లు జీతాల కోసం 18 రోజులు సమ్మె చేస్తే, ఎన్ని సంఘాలు ఒక పూట అన్నం వండి పంపాయి?

ఈ పత్రిక తెలుగు నేల మీద ఒకప్పుడు పని చేసింది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు అడ్డం తిరిగినప్పుడు, ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిచారు. ఇద్దరికీ ఎదురైంది ఒక్కటే చోటు: దేవుడు బలహీనుల్ని, నీచులని లోకం అన్నవాళ్లను ఏరుకున్నాడనే మొదటి అధ్యాయం. క్లౌ మాదిగలతోనే ఉండిపోయాడు. 1878లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇవాళ ఆ సంతతే పిల్లనిచ్చే ముందు మాలా, మాదిగా అని ఆరా తీస్తోంది.

కొత్తగూడెం బొగ్గు రైళ్లు వచ్చే డోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన అజరయ్య కూడా ఈ పత్రికనే పట్టుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల ఎదుట నిలబడి, పదమూడో అధ్యాయాన్నే వాళ్ల మీదికి తిప్పాడు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు కావాల్సింది స్నేహితులు అన్నాడు. తెల్లవాళ్లకు కోపమొచ్చినా భయపడలేదు. మనవాళ్లు ఆ అధ్యాయాన్ని పెళ్లిపత్రిక మీద అచ్చేసి ఊరుకున్నారు.

పాస్టరు పస్తుండాలని నేననను. సువార్త చెప్పేవాడు దాని మీద బతకొచ్చని తొమ్మిదో అధ్యాయంలో పౌలే వాదించాడు. వాదించి, తనకు మాత్రం వద్దన్నాడు. కొరింథులో డేరాలు కుట్టుకు బతికాడు. పదహారో అధ్యాయంలో చందా కూడా అడిగాడు, యెరూషలేములోని పేదల కోసం. ఆ డబ్బును మీరు నమ్మినవాళ్లే తీసుకెళ్లాలని షరతు పెట్టాడు.

కాబట్టి ఖని విశ్వాసులారా, వచ్చే ఆదివారం ఆ పదహారో అధ్యాయం తీసి అయ్యగారి ముందు పెట్టండి. పోయిన సభల్లో ఎంత వచ్చింది, ఎటు పోయింది, అందులో కాంట్రాక్టు కార్మికుడి ఇంటికి ఎంత చేరింది అని అడగండి. జవాబు వచ్చేదాకా కానుక పళ్లెంలో చెయ్యి పెట్టకండి.